జేబు ఏ వైపు

(పాత ఫిల్ములు భద్రపరిచే ఆఫీసులో ఒక గది. బొమ్మను పెద్దది చేసి చూపించే బల్ల ముందు ఒక దర్జీ, ఒక లాయరు.)

"మళ్ళీనా? అప్పట్లో పోలీసు స్టేషన్లో మూడుసార్లు చూశాను కదా లాయరమ్మా. స్కూలు యూనిఫారాలు నలభై జతలు కాజాలు కుట్టకుండా పడున్నాయి కొట్లో."

"ఈ ఒక్కసారే మాస్టారూ. కూర్చోండి."

"కూర్చోలేను, నడుం పట్టేసింది. అయినా చూడ్డానికి ఏముంది ఆ రోజు తీసిన ఈ ఫిల్ములో? మన ఊరి లీడరు, పెద్దాయన, జీపు దిగాడు. జనంలోకి నడిచాడు. మొహానికి గుడ్డ కట్టుకున్న వాడెవడో ఎడమ చేత్తో పిస్తోలు ఎత్తి కాల్చాడు. నా కొట్లోంచి కళ్ళారా చూశాను, కోర్టులో అదే చెప్పాను. నిద్రలో లేపి అడిగినా అదే చెబుతాను."

"ఆ మాట మీదే ఒక మనిషి ఇరవై రెండేళ్ళుగా జైల్లో ఉన్నాడు."

"వాడి పేరు నేను చెప్పలేదే. ఎడమ చెయ్యి అన్నాను, అంతే. ఆ బోర్డులు రాసే పెయింటరుది ఎడమచేతి వాటం. పైగా పెద్దాయన్ని నోటికొచ్చినట్టు తిట్టి తిరిగేవాడు. పట్టుకెళ్ళారు. అందులో నా తప్పేముంది?"

"తప్పని నేనన్నానా?"

"మీరు అనరు. మీ చూపు అంటోంది."

"సోమవారం అతని అప్పీలు ఆఖరిసారి వింటారు. ఆ తర్వాత ఇంక వినేవాళ్ళు లేరు. అందుకే పిలిచాను. చూడండి, జీపు దిగుతున్నాడు."

"చూస్తున్నా, చూస్తున్నా. ఆ... ఆపండి."

"ఏమైంది?"

"ఆ చొక్కా ఎవడు కుట్టాడు?"

"ఎవరిది, పెద్దాయనదా?"

"జేబు కుడి వైపు పెట్టాడేంటి వెధవ? కాజాలు కూడా కుడి పట్టీ మీద, ఆడవాళ్ళ జాకెట్టుకి కుట్టినట్టు. ఎంత చేతగాని దర్జీ అయినా మగవాళ్ళ చొక్కా ఇలా కుట్టడు."

"ఇదివరకు గమనించలేదా?"

"ఎక్కడ గమనిస్తాను? అప్పుడు స్టేషన్లో గోడ మీద వేశారు. సున్నం గోడ, వెలిసిపోయిన బొమ్మ. మనుషులే చీమల్లా ఉన్నారు."

"పక్కన జీపు చూడండి. స్టీరింగు ఏ వైపుంది?"

"ఎడమ... మన జీపులకి ఎడమ వైపు ఎందుకుంటుంది?"

"ఉండదు. ప్రింటు వేసేటప్పుడు నెగెటివ్ తిరగేసి పెట్టారు మాస్టారూ. అద్దంలో బొమ్మ అయిపోయింది. పోయిన వారం ఫిల్ము కడిగే ల్యాబ్ పెట్టెల్లో అసలు నెగెటివ్ దొరికింది."

"అంటే, వాడు కాల్చింది..."

"కుడి చేత్తో."

"కుడి చేత్తో. ఆ... అవునవును. ఇప్పుడు గుర్తొస్తోంది లాయరమ్మా. కుడి చెయ్యే. భుజం ఇలా పైకి లేచింది, చొక్కా చెయ్యి జారి మోచేతి దాకా వచ్చింది. కళ్ళకి కట్టినట్టుంది. సోమవారం వచ్చి అదే చెబుతాను, సరేనా? ఇంక వెళ్ళనా?"

"వద్దు."

"ఇదేంటమ్మా, మీకు కావాల్సింది ఇదేగా?"

"నేను చెప్పగానే మీకు గుర్తొచ్చింది. ఆ గోడ మీద చూశాక ఎడమ చెయ్యి గుర్తొచ్చినట్టే. ఆ రోజు సాయంత్రం మీరిచ్చిన మొదటి వాంగ్మూలం నా దగ్గరుంది. చదవనా?"

"ఎందుకూ, నేను చెప్పిందేగా."

"'టపాకాయలు పేలాయనుకున్నాను. జనం పరిగెత్తారు.' ఇంతే. చెయ్యి ఊసే లేదు. మూడో రోజు స్టేషన్లో ఫిల్ము చూశాక చెయ్యి వచ్చింది."

"కంగారులో మర్చిపోయుంటాను. పెద్దాయన పోయిన రోజమ్మా అది. ఎవరికి మతి ఉంది?"

"సరే. ఇది అసలు నెగెటివ్ నుంచి తీసిన ప్రింటు. సరైన వైపు. చూడండి."

"హమ్మయ్య, ఇదీ మా వీధి. ఇప్పుడు కుదిరింది. నా కొట్టు ఎడమ వైపు నాలుగోది. స్టేషన్లో ఎంత వెతుక్కున్నాను నా కోసం, ఎక్కడా కనబడలేదు. జనం అడ్డమొచ్చారులే అనుకున్నా."

"ఆ తిరగేసిన బొమ్మలో మీ కొట్టు కుడి వైపుంది, మీరు ఎడమ వైపు వెతికుంటారు. ఇప్పుడు చూడండి, నాలుగో కొట్టు."

"ఉండండి, కళ్ళజోడు తుడుచుకోనివ్వండి."

"కనిపించిందా మాస్టారూ?"

"సరిగ్గా కనబడటం లేదు. పోనివ్వండి. మంచినీళ్ళున్నాయా?"

"ఇవిగో. మెడలో టేపు వేసుకుని మిషను ముందు కూర్చున్నాడు, ఎవరతను?"

"ఎవరో."

"కొట్లో మీరు కాక ఇంకెవరైనా కూర్చునేవారా?"

"లేదు. నేనొక్కణ్ణే."

"పిస్తోలు లేచింది. ఇక్కడ ఆపాను. అతని తల వంచి ఉంది."

"తర్వాత ఎత్తుంటాడు. ఎత్తుంటాను. నడపండి."

"పొగ వచ్చింది. పెద్దాయన పడిపోయాడు."

"ఇంకొంచెం నడపండమ్మా."

"గుడ్డ కట్టుకున్నవాడు జనంలో కలిసిపోయాడు. ఇంక కనబడడు. తల వంచే ఉంది."

"ఇంకొంచెం."

"జనం పరిగెడుతున్నారు. ఇప్పుడు... ఇదిగో. ఇప్పుడు ఎత్తారు."

"ఆపెయ్యండి."

"కూర్చోండి మాస్టారూ."

"అబద్ధం చెప్పాలని చెప్పలేదమ్మా. ఒట్టు. నాకు నిజంగా కనిపించేది. ఇన్నేళ్ళూ కళ్ళు మూసుకుంటే వాడి చెయ్యే కనిపించేది."

"నమ్ముతున్నాను."

"ఆ పెయింటరు... నా కొట్టు బోర్డు కూడా వాడే రాశాడు తెలుసా? ఇప్పటికీ అదే ఉంది. చెరిగిపోలేదు."

"ఆ నిమిషంలో మీరేం చేస్తున్నారు మాస్టారూ?"

"సూదిలోకి దారం ఎక్కిస్తున్నాను. రాసుకోండి."