రెండో పూత

పాతదాన్ని మెరిపించి ఇవ్వడం శుభ్రం చేయడమా, మోసం చేయడమా? పదకొండేళ్లుగా ఈ ప్రశ్నను సాయంత్రం ఇంటికి తీసుకెళ్లి, పొద్దున్నే మళ్లీ షాపుకు తెచ్చుకుంటున్నాను. దీన్ని కూడా రాయమని దర్యాప్తు అధికారిని కోరాను. రాస్తానన్నారు.

నాకు నలభై నాలుగేళ్లు. రసాయనశాస్త్రంలో ఎమ్మెస్సీ చేశాను. కార్లు కడిగి మెరుగుపెట్టే మా షాపు నా భర్త పేరున ఉంది. తయారైన ప్రతి కారునూ చుట్టూ తిరిగి చూసి, చీటీ మీద సంతకం పెట్టి అప్పగించడం నా పని. అధికారి నాకు చూపించిన చీటీ మీద సంతకం నాదే.

పోయిన నెల తొమ్మిదో తారీఖు, మంగళవారం, ఉదయం పది ఇరవైకి బూడిదరంగు కారు వచ్చింది. తెచ్చినాయన మందులషాపు యజమాని. "రేపు ఒకాయన చూసుకోడానికి వస్తున్నాడు మేడం. పెళ్లికొడుకులా తయారుచేసి పెట్టండి," అన్నారు. అమ్మకానికి పెట్టిన కారని నాకు అప్పుడే తెలుసు.

పని చేసింది మా ఆడపడుచు భర్త. వయసు యాభై మూడు. వరసకు అన్నయ్య, అలాగే పిలుస్తాను. ఈ రోజు ఎనిమిదిన్నర నుంచి ఆయన ఈ పోలీసు స్టేషనులోనే పక్క గదిలో బెంచీ మీద కూర్చుని ఉన్నారు. టైరు పగుళ్లు కనపడకుండా కావాలనే పాలిష్ దట్టంగా పట్టించారని ఆయన మీద ఫిర్యాదు.

మా దగ్గర టైరును ముందు బ్రష్షుతో తోమి కడుగుతారు. పూర్తిగా ఆరాక, స్పాంజితో పక్కభాగానికి మాత్రమే పాలిష్ రాస్తారు. నేలకు ఆనే భాగానికి తగలనివ్వరు, జారుతుంది. పది నిమిషాలు ఆగి, పొడిగుడ్డతో మిగిలినది తుడిచేస్తారు. ఆ రోజూ అలాగే చేశారు. మూడు చక్రాలు బాగానే వచ్చాయి. ముందు ఎడమ చక్రం మాత్రం పది నిమిషాలకే మచ్చలు మచ్చలుగా గోధుమరంగుకు తిరిగింది.

అన్నయ్య నన్ను పిలిచారు. అప్పుడు పన్నెండు దాటి అయిదు నిమిషాలు. గోడ గడియారం చూశాను, భోజనానికి ఇంకా గంట ఉందే అనుకున్నాను.

"ఇదేదో తాగుబోతు టైరులా ఉంది చెల్లెమ్మా. ఎంత పోసినా ఇంకా కావాలంటోంది," అన్నారు.

నాకు నవ్వొచ్చింది. వంగి చూశాను. "ఇంకో పూత వేసెయ్యండి అన్నయ్యా," అన్నాను.

ఎండిపోయిన ముసలి రబ్బరు అలాగే పీల్చుకుంటుంది. చదువుకున్నాను, షాపులో చాలాసార్లు చూశాను. అయినా ఆ పూట నా కంటికి ఆనింది నలుపు సమంగా రాలేదన్న సంగతే. మా పనిలో ఉన్నవాళ్లకు ఇది అలవాటైపోయింది. టైరు జబ్బు చెబుతుంటే మేం దాన్ని పాలిష్ లోపం అనుకుంటాం. అన్నయ్య రెండో పూత వేశారు. నల్లగా, సమంగా వచ్చింది. ఒంటిగంటకు సంతకం పెట్టాను.

కారు కొన్నది ఒక టైలరు. పద్నాలుగో తారీఖు, ఆదివారం, ఉదయం పదకొండు నలభైకి వంతెన దిగే మలుపులో అదే చక్రం టైరు పగిలింది. కారు గోడకు గుద్దుకుంది. ఆయన కుడిచెయ్యి మోచేతి దగ్గర రెండు చోట్ల విరిగింది. కత్తెర పట్టే చెయ్యి. మళ్లీ పట్టగలరో లేదో డాక్టరు చెప్పడం లేదట.

ప్రమాదం జరిగిన రెండో రోజు, మంగళవారం, ఆయన భార్య షాపుకు వచ్చారు. గొడవ చేయలేదు. కుర్చీ వేస్తే కూర్చోలేదు. "టైర్లు నిగనిగలాడుతుంటే కొత్తవే అనుకున్నాం అమ్మా. మా ఆయన వేలితో రాసి కూడా చూశాడు. వేలికి ఏమీ అంటలేదని సంతోషపడ్డాడు," అన్నారు. గుడ్డతో తుడిచాం కాబట్టి అంటలేదు. అది మంచి పనికి గుర్తని మేం చెప్పుకుంటాం. ఆమెకు ఆ మాట చెప్పలేదు.

ఈ రోజు స్టేషను మెట్ల దగ్గర నా భర్త, "అడిగినదానికే జవాబు చెప్పు. నీ ఆలోచనలన్నీ వాళ్ల ముందు కుమ్మరించకు," అన్నారు. ఆయన ఎందుకలా అన్నారో నాకు తెలుసు. షాపు మూతపడితే మాదీ అన్నయ్యదీ, రెండు ఇళ్లూ పస్తు కూర్చోవాలి.

రెండో పూత తనంతట తానే వేశానని, ఎవరూ చెప్పలేదని అన్నయ్య వాంగ్మూలం ఇచ్చారట. అధికారి చదివి వినిపించారు. అది నిజం కాదు. వెయ్యమన్నది నేను. ఆయన పిలిచి చూపించారు, నేను చూసి చెప్పాను. లోపలికి వచ్చేటప్పుడు బెంచీ మీద నుంచి ఆయన నా వంక చూసి, వద్దన్నట్టు తల అడ్డంగా ఊపారు. చాలా అలసిపోయి ఉన్నారు. పొద్దుటి నుంచి ఏమైనా తిన్నారో లేదో.

వంగినప్పుడు పగుళ్లు చూశారా అని అధికారి మూడుసార్లు అడిగారు. మచ్చలు చూశాను. మచ్చల్లో సన్నని గీతలు కూడా ఇప్పుడు కళ్లకు కడుతున్నాయి. అవి ఆ రోజు చూసిన గీతలో, పగిలిన టైరు ఫొటోలో ఇక్కడ చూసిన గీతలో విడదీయలేకపోతున్నాను. చూశాననో, చూడలేదనో ఒక్క మాట రాయిస్తే సరిపోతుందన్నారు. చూడలేదంటే నేను బయటపడతాను. చూశానంటే అన్నయ్య బయటపడతారు. ఆయన్ను బయటపడేయడానికి చూశాననుకుంటున్నానా, నిజంగానే చూశానా, అదీ తెలియడం లేదు.

ఇదంతా నాకు చదివి వినిపించారు. వెయ్యమన్నది నేనన్న మాట వరకు ప్రమాణం చేసి చెప్పగలను. చూశానా లేదా అన్నది తేల్చుకోలేకపోయాను. కాగితంలో ఆ జవాబు రాసే గడి ఖాళీగా ఉంచమని కోరి, కింద సంతకం చేస్తున్నాను.

(సంతకం)