అరచేతి పరీక్ష

జావాలోని క్లాతెన్. ఇంటి వెనక రేకుల షెడ్డులో వాగిమాన్, అతని కూతురు రత్రి. ఇద్దరి మధ్యా, సొంతంగా అచ్చు పోసి చేసుకున్న ఫైబర్ కారు బాడీ.

"మళ్ళీ గుంటలేనా?"

"మళ్ళీనే. ఇటు వెలుతురులోకి వచ్చి చూడు నాన్నా. బానెట్ నిండా స్ఫోటకం మచ్చలే."

"నిన్న చెయ్యేసి చూశానే! అద్దంలా ఉంది."

"మొన్నా అద్దమే అన్నావు. నీ మాట నమ్మే ప్రైమర్ కొట్టాను. కొట్టగానే ఇదిగో! మూడుసార్లు పుట్టీ, మూడుసార్లు రుద్దుడు. నా భుజాలు పడిపోయాయి. ఏడుపొస్తోంది."

"నీ రుద్దుడే సరిగా లేదు. ఒక్కచోటే గోకుతావు."

"ఆఁ, తప్పంతా నాదే."

"నీదని కాదు తల్లీ..."

"కాదంటూనే నా మీదకి తోస్తావు. శనివారం మైదానంలో కార్ల ప్రదర్శనకి పెట్టాలి దీన్ని. అచ్చు నాదే, బాడీ నాదే అని ఊరంతా చెప్పుకున్నావు. ఈ మొహంతో పెడితే సుగెంగ్ షెడ్డువాళ్ళు నవ్వరూ?"

"సుగెంగ్ మాట ఎత్తకు."

"ఎత్తుతాను. ఆయన నల్లరంగు పల్చగా చల్లి, పైన రుద్దుతాడు. గుంట ఉన్నచోట నలుపు పోదు. కంటికి ఇట్టే తెలిసిపోతుంది."

"చేతిలో పనితనం లేనివాళ్ళకి కావాలి అవన్నీ. నలభై ఏళ్ళు ఈ అరచేతులతో బస్సు బాడీలు చూశాను. వెంట్రుక అడ్డంపడినా చెప్పేవాణ్ణి."

"చెప్పేవాడివి. ఇప్పుడో?"

"ఇప్పుడేం?"

"కోప్పడకు. పొద్దున నువ్వు మసీదుకెళ్ళినప్పుడు ఈ తలుపు మీద నలుపు చల్లేశాను."

"నన్నడక్కుండానా?"

"అడిగితే ఒప్పుకుంటావా? రుద్దాను కూడా. చూడు, ఎన్ని చుక్కలు మిగిలాయో!"

"దుమ్మయ్యుంటుంది."

"దుమ్మట! చెయ్యెయ్యి ఇక్కడ. ఈ గుంటలో బియ్యపు గింజ పడుతుంది. తగులుతోందా?"

"ఆఁ... తగులుతోంది."

"అక్కడేం లేదు నాన్నా. నేను చూపించింది ఇక్కడ."

"నువ్వలా చెవిలో జోరీగలా మాట్లాడుతుంటే ఏం తెలుస్తుంది? నోరు మూసుకో కాసేపు. కళ్ళు మూసుకుని, రెండు చేతులూ వేసి చూడాలి దీన్ని."

"సరే, చూడు. చక్రం పైన అంచు జాగ్రత్త. దాన్నింకా రుద్దలేదు, పీచు కత్తిలా లేచి ఉంది."

"నాకు చెప్తున్నావా? ఇదిగో, ఈ చివర్నించి ఆ చివరిదాకా వెన్నలా ఉంది. అంచుతో సహా. నీకే చాదస్తం."

"నాన్నా... ఆగు."

"ఆగేదేంటి? సాఫుగా ఉందంటుంటే!"

"తియ్యి నాన్నా, చెయ్యి తియ్యి! తెగింది, రక్తం కారిపోతోంది!"

"ఏ చెయ్యి?"