అత్తాపూరా, వరంగలా?

తొండుపల్లి స్టాపులో అత్తాకోడళ్లు బస్సు కోసం కూర్చున్నారు. కోడలు స్టాఫ్ నర్సు. ఎమ్మెస్సీ నర్సింగ్‌కు కాలేజీ ఆప్షన్లు పెట్టడానికి ఆ రోజే ఆఖరు.

"అత్తాపూర్ దిక్కున్న కాలేజీ ముందు పెడుతున్న అత్తమ్మా. పొద్దున పోయి పొద్దూకి వస్త."

"దానికి సొంత దవాఖాన ఉన్నదా?"

"లేదు. వారానికి రెండు దినాలు వేరే దవాఖానకు బస్సుల తీస్కపోతరట."

"రోగులు లేనికాడ నర్సుకు ఏం నేర్పుతరు? ఒడ్డు మీద ఈతనా?"

కోడలికి నవ్వొచ్చింది. తన మనసులో ఉన్నదీ అదే. ఇంట్లో అనడానికే నోరు రాలేదు.

"దవాఖాన ఉన్న కాలేజీ వరంగల్‌ల ఉన్నది. రెండేండ్లు హాస్టల్‌ల ఉండాలె."

"ఉండు."

"మరి పిల్ల?"

"అది నీ పక్కల ఎన్నడు పండుకున్నది? నన్ను కరుచుకునే కదా పండుకునేది."

"నీ కొడుకు?"

"వానికి వండుడు నేర్పుత. ఇన్నేండ్లు నేర్పకపోవుడు నాదే తప్పు."

"నీ బీపీ ఎవరు చూస్తరు?"

"అందుకే పొమ్మంటున్న! దినాం ఆ పట్టీ చేతికి చుట్టి, మామిడికాయ తొక్కు జాడిని అటకెక్కించినవ్. నువ్వు వరంగల్ బస్సెక్కు, నేను జాడి దించుకుంట."

"అత్తమ్మా! గట్లయితే నేను పోనే పోను."

"పో బిడ్డా. మంచిగ చదువుకో. జర జరనే తింట."

కోడలు ఫోన్‌లో వరంగల్‌ను పైకి జరిపి, సబ్మిట్ నొక్కింది.

"అయిపోయింది. ఇగ ప్రతి ఆదివారం వచ్చి బీపీ చూస్త."

"గట్లనా? అయితే శనివారం తిననులే."