బక్కయ్య తెచ్చిన నీళ్లు

1987 ఎండాకాలం, ఒక మంగళవారం. హాలియా దాకా వచ్చిన సాగర్ కాలువ అందని ఒక మెట్ట ఊరు. పొద్దు వాలుతోంది. కోడలు సుక్కమ్మ మంచం మీద ఉంది. ఆమెను పట్నం దవాఖానకు పంపడానికి అత్త జానమ్మ సంచి సర్దుతోంది.

"మూడు చీరెలు సాల్తయా పిల్లా?"

"రెండు సాలు అత్తమ్మా."

"సాలవు. గొంతు కోస్తరంటివి. నెత్తురంటితే మార్చుకోవద్దా? మూడు పెడుతున్న. దుప్పటి?"

"గీ ఎండల దుప్పటెందుకు?"

"కప్పుకోనీకి కాదు, పరుసుకోనీకి. జాగా లేదని కింద పండవెడితే? నీ బొక్కలు అసలే గుల్ల."

"అత్తమ్మా, గా లొల్లి ఏంది?"

"ఏ లొల్లి?"

"చావడి కాడ."

"ఏం లేదు. పిలగాండ్లు ఆడుకుంటున్నరు. గ్లాసొకటి పెట్టాల్నా? దవాఖానల ఎవరి గ్లాసుతో తాగుతవు?"

"పిలగాండ్లు గట్ల ఒర్రుతరా? మొగమనిషి ఏడుపు అది."

"నీకు చెవుల ఏందో ఒకటి ఇనవడుతనే ఉంటది. మొన్నటికి మొన్న సచ్చిపోయిన మీ నాయిన దూలం మీద కూసున్నడని దిగుమంటివి."

"మొన్న వేరు. ఇయ్యాల నా తలకాయ సాఫుగున్నది."

"ఉంటే మంచిదేనాయె. పండుకో. చెయ్యి కదిలియ్యకు, కట్టు వదులైతది."

"అమ్మా! నా మోటర్ల పెట్టె యాడ వెట్టినవే?"

"వచ్చినవా లింగా! నీ పెండ్లాం బస్సుకు యాళ్లయితాంది. ఎడ్లబండి కట్టమని ఎవరికన్న..."

"బస్సు తర్వాత. పెట్టెల పెద్ద పట్కారుండాలె."

"మోటరు పని గిప్పుడెందుకురా?"

"మోటరు కాదు. చిన్న పట్కారు జారుతాంది."

"ఏంది జారేది?"

"సుక్కమ్మా, నువ్వు లేవకు. నీకోసమే చేస్తున్నం. రెండు పీకినం. అన్ని ఊడినంక ఆడు మల్ల నీ జోలికి రాడు."

"ఎవరయ్యా? ఎవరియి పీకిన్రు?"

"బక్కయ్యయి. ఇంకెవరియి? బాణామతి చేసిండు నీకు. దినాం కాల్వకాడికి సైకిలు తొక్కి, బిందె కట్టుకొచ్చి, ఊర్లె ఇంతమంది ఉంటే ఒక్క నీకే ఎందుకు పోస్తడు? తోవ పొడుగున పెదాలు ఆడిస్తనే ఉంటడు. ఆ నీళ్లు తాగవట్టినంకనే గదా నీకు వాంతులు, దప్పిక, పిచ్చిమాటలు. పండ్లు పీకితే మంత్రం నోట్లె పలుకది."

"ఆయన పాట పాడుకుంటడయ్యా! నీళ్లు నేనే తెమ్మన్న. బాగ తాగుమని డాక్టరమ్మ చెప్పె. మన బోరింగు నీళ్లల్ల ఫ్లోరైడు, గుక్కెడు కన్న ఎక్కువ తాగితే బొక్కలు వంగుతయని నువ్వే అంటివి. కాల్వకు పొమ్మంటే నీకు తీరకపాయె. ఆయన అడగంగనే తెచ్చిండు."

"చూసినవా అమ్మా? ఆడి తరఫున ఎట్ల కొట్లాడుతాందో. మాట్లాడేది ఇది కాదు. లోపల కూసొని ఆడు మాట్లాడుతుండు."

"నేనే మాట్లాడుతున్న! నా నోరే గిది!"

"మొన్న గిట్లనే ఒర్రుతుంటే ఊకోమని చెయ్యి పట్టి గుంజిన. గంతల్నే పటుక్కుమన్నది. నా చేతుల గంత బలమున్నదా? ఎవరిది ఆ బలం?"

"నీ బలం కాదు, ఆయన బలం కాదు. నా బొక్కలల్ల సున్నం లేదయ్యా. ఆ ముసలాయనను ఇడిచిపెట్టు, నీకు దండం పెడత."

"దొరికింది పట్కారు. అమ్మా, దీన్ని గడప దాటనియ్యకు. ఆడింక ఒప్పుకుంటలేడు. పొద్దుగూకేదాంక సూస్తమన్నరు. కిరసనాయిలు డబ్బ తెచ్చి పక్కకే పెట్టిన్రు."

"లింగా... నీ చిన్నప్పుడు నిన్ను ఎత్తుకొని తిరిగిన మనిషిరా!"

"అందుకే మన ఇంటి గుట్టంత ఆడికి ఎర్క. పోతున్న."

"అత్తమ్మా."

"ఊ."

"పిలగాండ్లు ఆడుకుంటున్నరంటివి."

"నీకు చెప్పి ఏం లాభం బిడ్డ? లేవలేవు, నడవలేవు. మందులు ఏడివెట్టినవు? గీ పొడి పొట్లాలు డాక్టరమ్మ ఇచ్చినయేనా?"

"అవే. పైన పెట్టు. తోవల తాగాలె."

"ఇగ గీ డబ్బ కూడ పెడుతున్న."

"ఏ డబ్బ?"

"గదే, తెల్ల గోళీలు. ఫ్లోరైడు క్యాంపుల బొక్కల బలానికి ఊరందరికి పంచిన్రు గద."

"అవి నాకెందుకు? ముట్టొద్దన్నరు గదా."

"సంచిల ఉంటే ఏం పోతది? ఉండనియ్."

"నీకెన్నిసార్లు చెప్పాలె? ఊరోళ్ల రోగం వేరు, నా రోగం వేరు. గొంతుల కందిగింజంతటియి నాలుగు గ్రంథులుంటయట. అందరికుంటయట. నాకు ఒకటి ఉబ్బి, ఆగకుంట పనిజేస్తాందట. బొక్కలల్లకెల్లి సున్నం గుంజి నెత్తుర్ల పోస్తాందట. దాన్ని కోసి తీసేదాంక సున్నం గోళీలు ముట్టకు, ఒంట్ల నీరు దించే బీపీ గోళీ ఎవరిచ్చినా ఏసుకోకు, నీళ్లు మాత్రం కడుపునిండ తాగు అన్నది."

"గా ముచ్చటే నాకు ఎక్కది. బొక్కల సున్నం పోతాందంటది, సున్నం తినొద్దంటది. బాన కారుతుంటే మల్ల నీళ్లు పొయ్యొద్దా?"

"కారినయి యాడికి పోతున్నయి? నెత్తుర్లకే. ఆడ నిండి పొంగుతుంటే ఇంక పోస్తవా? ఆ డబ్బ ఇటియ్యి."

"ఎందుకు?"

"ఇయ్యి, పారేస్త. ...గిదేంది? అడుగుకు వచ్చినయి. నేను మూత కూడ తియ్యలే. ఎవరు తిన్నరు?"

"నేనే. మోకాళ్ల నొప్పులకు."

"నీకు గోళీ మింగుడే రాదు. జ్వరమొస్తే నీ కొడుకు ముక్కు మూసి ఏస్తే కూడ కక్కితివి."

"నూరుకొని తిన్న."

"దేంట్ల?"

"గ్లాసు పెట్టిన్నా సంచిల? యాదికొస్తలేదు..."

"అత్తమ్మా, ఇటు సూడు. దేంట్ల నూరినవు?"

"సల్లల."

"నువ్వు సల్ల తాగవు. నీకు పడది. ఇంట్ల సల్ల తాగేది నేనొక్కదాన్నే."

"నీ మంచికే బిడ్డ! రాత్రిపూట నువ్వు మూలుగుతుంటే నాకు నిద్రొస్తదా? ఊరందరి బొక్కలకు మంచిదైంది నీ ఒక్కదాని బొక్కలకు చెడ్డదెట్లయితది? ఇస్తే ఏసుకోకపోతివి. అందుకే పొడిజేసి కలిపిన. నొప్పి ఎక్కువున్ననాడు జర ఎక్కువ ఏసిన."

"ఎప్పటిసంది?"

"నువ్వు పట్నంకెల్లి వచ్చినప్పటిసంది."

"నాకు వాంతులు షురువైంది గప్పుడే."

"నాకేం ఎర్క?"

"ఆదివారంసంది నేను సల్ల ముట్టలే. వాసనకే కడుపుల తిప్పితే అవతల పెట్టిన. బక్కయ్య మామ నీళ్లే తాగిన, ఉత్త నీళ్లు. వాంతులు కట్టినయి. దూలం మీద నాయిన దిగిపోయిండు. అత్తమ్మా, నీళ్లు కాదు. సల్ల!"

"నాకేం ఎర్క బిడ్డ... నాకేం ఎర్క! సుద్దముక్కల లెక్కున్నయి. సుద్ద తిని ఎవరన్న సస్తరా అనుకున్న."

"నడువు. పోయి చెప్పు."

"యాడ?"

"చావడి కాడ. ఇంకెక్కడ?"

"ఏమని చెప్పాలె? కోడలు తాగే సల్లల దొంగతనంగ తెల్లపొడి కలిపిన్నని చెప్పాల్నా? నేను ముండమోసినదాన్ని సుక్కీ. నిరుడు బీరన్న మనుమడు సచ్చిపోతే నన్ను సూసి దర్వాజలేసుకున్నరు. బక్కయ్యకన్న ముందుగాల బాణామతికి నా పేరే అనుకున్నరు ఊర్లె. మోటర్లు కాలిపోతే లింగడు కావాలె గనుక నోర్లు మూసుకున్నరు."

"అయితే నేను పోత."

"ఎట్ల పోతవు?"

"దేకుకుంట పోత. పాకుకుంట పోత."

"పోతే? ఇప్పుడు నీ మొగడు ఏమన్నడు? నీ నోట్లె బక్కయ్యే మాట్లాడుతుండన్నడు. నువ్వు కాదని ఎంత మొత్తుకుంటే ఆయనకు అన్ని దెబ్బలు."

"మరి ఎవరి మాట ఇంటరు? ఇన్నవా? మల్ల ఒర్రిండు. మూడోది."

"ఇన్న."

"అత్తమ్మా, నీ కాళ్లు మొక్కుత."

"మొక్కకు. వంగితే నడుమిరుగుతది."

"నవ్వులాటనా నీకు?"

"సంచి జిప్పు పడ్తలేదు. దుప్పటి తీసేద్దునా?"

"ఉండనియ్ దుప్పటి! మనిషిని సంపుతున్నరు ఆడ. నాకు నీళ్లు తెచ్చినందుకు సంపుతున్నరు!"

"ఎర్కే. ఒర్రకు. గొంతుల ఉబ్బిందంటివి, ఒర్రకు. గా గోళీల డబ్బ ఇటియ్యి."

"మల్ల సంచిల పెడతవా?"

"కొంగుల కట్టుకుంట. ఉత్తమాటంటే నమ్మరు. డబ్బ చూపెడత. గివి క్యాంపుల ఇచ్చినయే, మీ ఇండ్లల్ల గూళ్లల్ల కూడ ఉన్నయి, తెచ్చి పక్కకు పెట్టి సూసుకోన్రి అంట. అయినా నమ్మకుంటే ఆళ్ల ముందట నేనే నమిలి మింగుత."

"నీకు మింగుడు రాదు గదా అత్తమ్మా."

"ఇయ్యాల వస్తది."

"నీ కొడుకు ఆడనే ఉన్నడు గద. నిన్నేమననియ్యడు."

"నా కొడుకు చేతుల్నే ఉన్నది పట్కారు. ...నువ్వు ఇను. సీసలు రెండు నింపిన, కాల్వ నీళ్లే. బస్సుల తాగుతనే ఉండు. డాక్టరమ్మ రాసినయి తప్ప ఎవరేమిచ్చినా ఏసుకోకు. నొప్పికని ఇచ్చినా, బలానికని ఇచ్చినా."

"సరే."

"నేనిచ్చినా ఏసుకోకు."

"అత్తమ్మా..."

"గిదేం గోళీ, ఎందుకు, డాక్టరుకు ఎర్కనా అని అడుగు. నేను నిన్ను అడిగి ఇచ్చి ఉంటే ఆ ముసలోని నోరు బాగుంటుండె."

"జల్ది రా. ఆఖరి బస్సున్నది."

"వస్త. సంచి దర్వాజ కాడ పెట్టిన. నా చెప్పులు యాడ పోయినయి?"

"మంచం కిందున్నయి."

"ఉండనియ్. గింత దూరానికి చెప్పులెందుకు."

పట్నంలో పెద్ద దవాఖాన. అదే వారం. సుక్కమ్మ ముందు డాక్టరమ్మ కూర్చుంది.

"రక్తంలో క్యాల్షియం ఇంత ఎలా పెరిగింది సుక్కమ్మా? నేను రాసినవి సరిగ్గా వేసుకున్నావా?"

"ఏసుకున్న డాక్టరమ్మా."

"వేరేవి? దాచకు. నాకు తెలియకుండా కోతకు పంపితే నీ ప్రాణానికే ముప్పు. క్యాల్షియం గోళీలు మింగావా?"

"నేను మింగలే. సల్లల కలిసినయి."

"వాటంతట అవే కలుస్తాయా? ఎవరు కలిపారు?"

"మా అత్త."

"నేను మొత్తుకున్నానా లేదా! ఇంకొన్నాళ్లు తాగి ఉంటే గుండె ఆగిపోయేది. చీరెలు, దుప్పటి, గ్లాసు అన్నీ ఇంత పొందిగ్గా సర్ది పంపిన మనిషికి ఆ మాత్రం తెలియలేదా?"

"తెలిసింది. ఆలస్యంగ తెలిసింది."

"నీళ్లు మాత్రం బాగా తాగినట్టున్నావు. దానివల్లే ఇక్కడిదాకా రాగలిగావు. ఎవరిచ్చేవారు?"

"బయట కూసున్నడు. బక్కయ్య మామ."

"నోటికి తువ్వాల అడ్డం పెట్టుకున్న ఆ ముసలాయనా? నీ సంచి కింద పెట్టమన్నా పెట్టడం లేదు. ఏమైంది ఆయనకు?"

"పండ్లు పోయినయి. మూడు. మిగిలినయి ఉన్నయి."

"పోతూ పోతూ పక్క వార్డులో చూపించండి. మీ ఆయన రాలేదా?"

"ఠాణల ఉన్నడు."

"ఠాణాలోనా? ఎందుకు?"

"చావడి కాడి ముచ్చటకు. ఇప్పుడు అడుగకున్రి."

"సరే, చెప్పకు. నాకు కావలసింది మీ అత్త. ఆపరేషన్ అయ్యాక లెక్క తిరగబడుతుంది. ఆకలిగొన్న ఎముకలు సున్నాన్నంతా లాక్కుంటాయి, రక్తంలో తగ్గిపోతుంది. అప్పుడు ఆ తెల్ల గోళీలే నేను రాసిస్తాను."

"అవేనా? ఆ తెల్లయేనా?"

"అవే. కానీ నేను చెప్పినప్పుడు, చెప్పినన్ని. మూతి చుట్టూ తిమ్మిరి ఎక్కినా, వేళ్లు కొంకర్లు పోయినా వెంటనే తీసుకురావాలి. ఇంట్లో ఒకరు కనిపెట్టుకొని చూడాలి. అందుకే మీ అత్తను పిలిపించు. తిట్టను. కూర్చోబెట్టి నిమ్మళంగా చెప్తాను. ఎప్పుడొస్తుంది?"

"రాదు డాక్టరమ్మా. మా అత్త జానమ్మ మంగళారం పొద్దుగూకకముందు చావడి కాడికి పోయింది. బక్కయ్య మామను ఇడిచి ఆమెను పట్టుకున్నరు. తిరిగి రాలే."