ముప్పై మూడు రింగులు

నమ్మనివాళ్ళు ఇప్పుడే లేచి వెళ్ళిపోవచ్చు, నాకేం బాధ లేదు, ఎవరి గ్లాసు వాళ్ళు కడిగి పెట్టి వెళ్ళండి. నేను చెప్పబోయేదాంట్లో ఒక్క ముక్క అబద్ధమని ఎవడైనా తేల్చితే, ఈ మీసం ఇక్కడే, పక్క కొట్లో ఉన్న మన టైలర్ కత్తెరతోనే తీయించేసుకుంటాను.

"ఆ మీసం ఇప్పటికే నాలుగుసార్లు పోవాల్సింది," అన్నాడు టైలర్.

నీకు కాదయ్యా చెప్పేది. ఇదిగో, ఈ వెల్డర్‌కి. వచ్చేవారం పనిమీద పరాయిదేశం పోతున్నాడు, ఇంట్లో భార్యకి ఏడో నెల, అక్కడ చవగ్గా ఏ సిమ్ము కొనుక్కోవాలి బాబాయ్ అని అడిగాడు. అడగాల్సినవాణ్ణే అడిగాడు. కాగితం తీశావా? రాసుకో.

అచ్చుయంత్రం బిగించడానికి కంపెనీ నన్ను నలభై రోజులు పంపింది. విమానం దిగగానే సిమ్ములు అమ్మేవాళ్ళు చుట్టుముడతారు, వాళ్ళ మొహం కూడా చూడకూడదు, ఇది మొదటి ముక్క. నేను నేరుగా ఊళ్ళోకి పోయి వీధి వీధీ గాలించాను. ఒక కొట్లో మాటలు చవక, గడువు వారం. ఇంకోచోట గడువు నెల, కానీ ముందు ఇంత కట్టాలి, అంత కట్టాలి. ఏడో కొట్టు తాళంచెవులు చేసేవాడిది, చెవుల గుత్తుల పక్కనే సిమ్ములు వేలాడదీశాడు. అన్నిటికన్నా చవకది ఇమ్మన్నాను. ఇది వద్దండీ, ఫోను చేస్తే బోలెడు కోస్తుంది, వచ్చిన ఫోను ఎత్తినా కోస్తుంది అన్నాడు. ఎత్తకపోతేనో? అన్నాను. అంతే, ముప్పై ఏళ్ళ నుంచి ఆ కొట్టు నడుపుతున్న మనిషి, ఆ మాట అడిగినవాడే లేడట, లేచి నిలబడి తన కుర్చీ నాకిచ్చేశాడు.

"కుర్చీ మీతోనే తెచ్చుకున్నారా?" అన్నాడు టీకొట్టాయన.

విమానంలో పట్టలేదు. ఇక అసలు సంగతి వినండి. బయల్దేరే ముందే మా ఆవిడతో ఒప్పందం. ఒక్క రింగిచ్చి పెట్టేస్తే క్షేమం. రెండైతే భోజనాలయ్యాయి. మూడైతే... మూడు సంగతి తర్వాత.

రోజూ ఈ మాట దగ్గరికి రాగానే మా బావమరిది చెప్పులేసుకుని వెళ్ళిపోతాడు. ఇవాళ బెంచీ చివర కూర్చునే ఉన్నాడు, ఖాళీ గ్లాసు తిప్పుకుంటూ, వెల్డర్ రాసుకోవడం చూస్తూ.

ఆ తర్వాత ఏమైందో తెలుసా? పది రోజులకి చెయ్యి తిరిగింది. రింగుకీ రింగుకీ మధ్య ఖాళీని బట్టి కూరలో ఉప్పెంతో తెలిసిపోయేది. ఇరవై రోజులకి ఎదురింటివాళ్ళ తగువు మొత్తం, ఎవరు ఎవర్ని ఏమన్నారో గొంతులతో సహా, రింగుల్లోనే చెప్పేసింది మా ఆవిడ. అది చూసి నాతో పనిచేసేవాళ్ళు నేర్చుకున్నారు, వాళ్ళని చూసి వాళ్ళ బంధువులు, చివరికి ఆ ఊళ్ళో ఫోను ఎత్తే నాథుడు లేడు. టవర్లు పనిలేక తుప్పు పట్టాయి. వాటిమీద గూళ్ళు పెట్టిన పిట్టలు అరవడం మానేసి మోగడం మొదలుపెట్టాయి.

"ఒకటా, రెండా?" అన్నాడు టైలర్.

గుడ్డు పెడితే ఒకటి. వినవయ్యా. ఫోను కంపెనీ యజమాని తనే వచ్చాడు, క్యాంటీనుకి, నేను భోంచేస్తుండగా, టోపీ తీసి చేత్తో పట్టుకుని, అయ్యా, ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి ఎత్తండి, నా పరువు నిలబెట్టండి అన్నాడు. సరిగ్గా అప్పుడే బల్లమీద ఫోను మోగింది. ముప్పై మూడు రింగులు, లెక్కపెట్టాను. మా ఆవిడ ఒక సినిమా మొత్తం చెప్పింది, పాటలతో సహా. యజమాని వెక్కి వెక్కి ఏడ్చాడు. నేను ఎత్తలేదు. నలభై రోజుల్లో ఆ సిమ్ములో ఒక్క పైసా కదలనివ్వలేదు. రాసుకున్నావా?

"రాసుకున్నాను బాబాయ్. మూడు రింగులంటే ఏంటో చెప్పలేదు మీరు," అన్నాడు వెల్డర్.

మా బావమరిది గ్లాసు కింద పెట్టాడు.

"నేను చెబుతాను. మూడంటే, ఏదో ముంచుకొచ్చింది, వెంటనే ఫోను చెయ్యమని. ముప్పై మూడు అని సరిగ్గానే చెప్పావు బావా. పదకొండుసార్లు, మూడేసి. అవి ఇచ్చింది అక్క కాదు, అక్క ఫోనుతో నేను. స్టూలు మీంచి పడి అక్క మణికట్టు విరిగింది. ఆసుపత్రి వరండాలో నిలబడి ఇచ్చాను. పన్నెండోసారి చేస్తే ఫోను ఆపేసి ఉంది."

టీకొట్టాయన పొయ్యి తగ్గించాడు.

"ఆపరేషన్ చెయ్యాలన్నాడు డాక్టరు. మీ బావని ఒక్కమాట అడిగి చేయించుకుంటానంది అక్క. మూడు రింగులు వెళ్ళాయి కదా, ఫోను చేస్తారులే అని రెండు రోజులు కూర్చుంది. ఈలోపు వాపెక్కి, ఉన్నదున్నట్టే కట్టు కట్టేశారు, వంకరగానే అతుక్కుంది. ఇతను నీ మాట నమ్మి పోతున్నాడు బావా."

నా నోట్లో మాటకి ఎప్పుడూ కరువు లేదు. టవరు కూలిందని చెప్పొచ్చు, పిట్టలు తీగ కొరికేశాయని చెప్పొచ్చు. వెల్డర్ పెన్ను గాల్లో ఆగింది. అప్పటికే కాగితం మీద "ఎత్తకూడదు" అని రాసి కింద రెండు గీతలు గీసుకున్నాడు.

ఏ యజమానీ రాలేదబ్బాయ్. బల్ల చుట్టూ ఆరుగురు పనివాళ్ళం. అప్పుడూ ఇదే గొప్ప చెబుతున్నాను, నా సిమ్ము గురించి. మూడు మోగి ఆగింది. దీనర్థమేంటి అని ఒకడు అడిగాడు. కూర బాగా కుదిరిందట అన్నాను. నవ్వారు. మళ్ళీ మూడు. అలా పదకొండుసార్లు. సిమ్ములో తొమ్మిది నిమిషాలకి సరిపడా ఉంది, లేక కాదు. అంతమంది ముందు ఫోను చేస్తే నా తెలివి ఏమైపోవాలి? లెక్క తప్పి నొక్కుతోందిలే అని నాకు నేనే చెప్పుకుని, మనిషి నోరు మూసినట్టు ఫోను ఆపేశాను. సాయంత్రం తెరిచాను. మోగలేదు. మోగకపోతే హాయిగా ఉంది. మూడోరోజు ఒక్క రింగు వచ్చింది. క్షేమమట. అది ఎడమచేత్తో నొక్కిందని ఇంటికొచ్చాక, తను తలుపు తీస్తే తెలిసింది.

ఏదయ్యా కత్తెర, అని చెయ్యి చాచాను. టైలర్ నా వైపు చూడలేదు.

ఆ కాగితం చింపెయ్యి నాయనా. నిమిషం ఎంతైనా సరే, మాట్లాడే సిమ్ము కొనుక్కో, మోగగానే ఎత్తు. ఇంతసేపు కోతలు కోసినవాడు ఇదొక్కటీ నిజం చెబుతాడా అనుకుంటే సాక్షి ఉంది. మా ఆవిడ. వెళ్ళి కుడిచెయ్యి చూపించమను. మూడుసార్లు తలుపు కొట్టక్కర్లేదు. ఆవిడ మొదటిదానికే పలుకుతుంది.