వంటావిడ రాని రోజు

బడిలో గంట కొట్టే ఉద్యోగం చేసి రిటైరయినాయన కాబట్టి అందరికీ ఆయన గంట మావయ్యే. పొద్దున్నే టీకొట్టు బల్ల మీద చేరాడంటే గ్లాసు చల్లారినా నోరు చల్లారదు. ఆ రోజు ఆటోడ్రైవరు పేపర్లో సర్కారు బడి భోజనాల వార్త పైకి చదివాడు. అంతే, మావయ్య అందుకున్నాడు.

ఓసారి బడి వంటావిడకి జ్వరం తగిలిందట. పిల్లల్లో చాలామందికి పొద్దుటి నుంచీ బడి భోజనమే మొదటి ముద్ద. వాళ్ళు కంచాలు పట్టుకుని, హెడ్మాస్టరమ్మ తల పట్టుకుని కూర్చున్నారట. చూడలేక తనే చొక్కా చేతులు మడిచి పొయ్యి ముట్టించాడట. అప్పటిదాకా ఇంట్లో నీళ్ళు కాచిన పాపాన కూడా పోలేదని తనే ఒప్పుకున్నాడు.

"అయినా గరిటె నా మాట విందిరా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? పప్పు ఉడుకుతుంటే వాసన గోడ దూకింది."

ఆ వాసనకి పక్కవీధి పోస్టాఫీసు మూతపడిందట, గుమాస్తాలంతా పిల్లల వెనకాల వరసలో నిలబడ్డారట, బస్సాపి డ్రైవరు దిగితే అతన్ని వెతుక్కుంటూ ప్రయాణికులూ దిగారట, తనిఖీకొచ్చిన ఆఫీసరు రుచి చూస్తానని కూర్చుని ఇక లేవనన్నాడట. పైన పోతున్న విమానం కూడా బడి చుట్టూ తిరిగిందట.

"మరి దిగలేదేం?" అంది టీకొట్టు అక్క.

"పిల్లలు మైదానంలో చేతులు కడుక్కుంటున్నారు కదమ్మా, చోటేదీ?"

బల్ల చివర టీ తాగుతున్న మంగలి గ్లాసు కింద పెట్టాడు. "మావయ్యా, ఆ రోజు నేను రెండో తరగతి. ముందు వరసలోనే కూర్చున్నా."

మావయ్యకి టీ గొంతుకి అడ్డం పడింది.

"గరిటె అన్నంలో దిగబడి రాలేదు. నువ్వు గిన్నెకి కాలు తన్నిపెట్టి లాగితే, అన్నం గిన్నె ఆకారంలో ఊడొచ్చింది. మాకు తలా ఓ అరటిపండు చేతిలో పెట్టి ఇంటికి పంపేశారు."

బల్లంతా ఒకటే నవ్వు. మావయ్య చెవులు ఎర్రబడ్డాయి, ఆ పైన తనకే నవ్వాగలేదు. కళ్ళు తుడుచుకుని మంగలి వైపు తిరిగాడు.

"అయితే మధ్యాహ్నం సెలవిచ్చారన్నమాట."

"ఇచ్చారు."

"ఇన్నేళ్ళలో ఒంటిచేత్తో బడికి సెలవిప్పించిన వంటవాణ్ణి ఇంకొకణ్ణి చూపించు, చూద్దాం."