జగ్గయ్య నాట్ల వరుసల కాలు వెట్టిన రోజు

ఏ జగ్గయ్య? ఓ, మన కాలువ పక్క పొలం జగ్గయ్యనా! ఆయన పోయి ఇరవై ఏండ్లు దాటె. మంచి సేద్యగాడు బిడ్డా, కని మహా మొండి. జర కూసో, చెప్త. ఎనభై నాలుగులనా... ఆఁ, ఆ యాడాది వానలు ముందుగాలనే వడ్డయి. జగ్గయ్యకు పెండ్లాం యాదక్కకు పడక, ఆమె అహేరిల తల్లిగారింట్ల ఉండె. కొట్లాట ఏందంటవా? ఒక్కటే సంతానం. పుట్టంగనే కొడుకని రాజయ్య అని పేరు వెట్టిండ్రు. ఎనిమిదేండ్లు రాంగనే "నేను ఆడివిల్లను, రాజుబాయి అనుండ్రి" అని కూసున్నది. రాజయ్యా అంటె అన్నం కాడికి సుత రాకపోవు. తల్లి లంగ కుట్టిచ్చె, తండ్రి నిక్కరు కుట్టిచ్చె. జగ్గయ్య పోయి పిల్లను ఈడికి, సిరొంచకు తెచ్చుడు, జుట్టు కోసుడు. వారానికి యాదక్క వచ్చి తోల్కపోవుడు. జగ్గయ్యైతె తొవ్వల్నే పిల్ల బట్టలు మార్చేటోడు. ఎస్టీ బస్సు కండక్టరు పరేషాన్. "జగ్గయ్యా, అహేరిల ఎక్కిన ఆడివిల్ల ఏది? టికెట్ దానికిచ్చిన, ఈ పోరడెవడు?" అనేటోడు.

ఆఖరుకు పిల్ల ఎవరి కాడ ఉండాల్నని కులపెద్దలం కూసున్నం. నేను కల్లు ముట్టను, నాలుగింటికి లేస్త, అందుకని నా మాటకు విలువ. తండ్రికి ఇయ్యాలె, పొలంల పనికి వెడితె నెల రోజులల్ల మొగోడైతడు, అని నా మనసుల తీర్పు తయారే. అయినా న్యాయం కనవడాలె గద! ఒక పరీక్ష వెట్టిన. రేపు జగ్గయ్య పొలంల నాట్లు. మొగోళ్లు నారు కట్టలు మోస్తరు, ఆడోళ్లు నాటేస్తరు. పిల్ల కట్ట ఎత్తుకుంటె తండ్రికి, వరుసలకు దిగితె తల్లికి. పోరగాండ్లు కట్టలు ఇసిరేసుడంటె ఉరుకుతరు, నాకు తెల్వదా!

పొద్దుగాల ఒడ్డు మీద నిలవడ్డం. రాజుబాయి ఎవ్వరి దిక్కు సూడలే. లంగ మోకాళ్ల మీదికి దోపుకొని పోయి ఎల్లక్క పక్కన వంగింది. ఎల్లక్కంటె నాట్లకు ముందుండే మనిషి, నోరు గట్టిది. జగ్గయ్యకు కోపమచ్చె. "వీనికేం తెలుసు!" అని చెప్పులతోటే మడిలకు దుంకిండు. ఇగ సూడు! మా దిక్కు నాట్ల వరుసల మొగోడు కాలు వెడితె ఆడోళ్లు ఇడవరు. చుట్టూ నారు కట్టలు వేర్చి, అడిగింది ఇచ్చేదాక కదలనియ్యరు. జగ్గయ్య మోకాలు లోతు బురదల, ఒక చెప్పు గల్లంతు. "ఇడువుండ్రే, నా పొలమిది!"

"పొలం నీదే జగ్గన్నా, వరుస మాది."

"ఏం గావాలె? కల్లా? కోడా?"

"మేమడగం. వరుసల అందరికన్న చిన్నది అడుగుతది" అన్నది ఎల్లక్క.

పిల్ల నారు చేతుల వట్టుకొనే నిలవడ్డది, ఒక్క పోస కింద వడలే. "నాయినా, నా జుట్టు కొయ్యద్దు. నేను అమ్మ కాడుంట. నాట్లకు, కోతలకు నీ కాడికొస్త. నన్ను రాజుబాయి అను."

"ఒక్కటడగమంటె నాలుగా!"

"ఇంకింతసేపు నిలవడితె అయిదైతయి" అన్నది ఎల్లక్క.

జగ్గయ్య నా దిక్కు సూసిండు, పెద్దమనిషివి నువ్వన్న చెప్పవా అన్నట్టు. నేను మబ్బుల దిక్కు సూసిన. ఆఖరుకు తలకాయ వంచుకొని, చిన్నగ, "రాజుబాయీ, నా చెప్పు దేవులాడు బిడ్డా" అన్నడు.

అంతే, పంచాయితి ఒడిసె. అందరు నవ్వుకుంట నాట్లకు వంగిండ్రు. నన్ను తీర్పు ఎవ్వరు అడగలే. అడిగి ఉంటె నేను...

ఏందట్ల సూస్తవు? లే, బర్రెకు కుడితి వెట్టాలె.